ప్రధాన సంఖ్యల్ని గళ్ళ కాగితం మీద నడిపించడం: పెన్సిల్‌తో మొదలుపెట్టి కంప్యూటర్ దాకా

ప్రధాన సంఖ్య అంటే ఏమిటో ఆరో తరగతి పిల్లలు కూడా చెప్పేస్తారు: 1తోనూ తనతోనూ తప్ప ఇంక దేనితోనూ నిశ్శేషంగా భాగించబడనిది. ఇంత చిన్న మాటలో నిర్వచనం అయిపోతుంది కాబట్టి వాటి గురించి మనకి తెలిసిపోయిందనుకుంటాం. కానీ ఒక గళ్ళ నోట్‌బుక్ తెరిచి వాటిని ఒక్కొక్కటిగా గడిలో పెట్టుకుంటూ పోతే, ఓ అరగంటకల్లా మీకు ఎవరూ చెప్పని గీతలు కనపడటం మొదలవుతుంది. ఆ గీతల్లో కొన్నిటికి కారణం పదో తరగతి లెక్కలతోనే చెప్పేయొచ్చు, కొన్నిటికి పూర్తి రుజువు ఇప్పటికీ లేదు. ఏది ఏ రకమో విడదీయడమే అసలు పని, బొమ్మ గీయడం దానికి దారి. అందుకే ఇక్కడ ప్రతి బొమ్మతోపాటు "ఇది నిజంగా ప్రధాన సంఖ్యల గుణమా, లేక నేను గళ్ళు పేర్చిన పద్ధతి వల్ల వచ్చిందా" అన్న ప్రశ్నని కూడా వెంట తీసుకెళ్దాం.

కావాల్సినవి: గళ్ళ నోట్‌బుక్ (గడి అర సెంటీమీటరు ఉంటే హాయిగా ఉంటుంది), పెన్సిల్, రబ్బరు, రెండు రంగుల స్కెచ్ పెన్నులు, ఒక పాచిక. కంప్యూటర్ చివర్లో చాలు. ముందే కంప్యూటర్ దగ్గర కూర్చుంటే పది లక్షల చుక్కలు ఒక్క సెకనులో వచ్చి పడతాయి, అందంగానే ఉంటాయి, కానీ ఏ చుక్క ఎందుకు అక్కడ ఉందో చేతికి తెలియదు.

ముందు జల్లెడ, అదీ ఆరు నిలువు వరుసల్లో

441 వరకు ప్రధాన సంఖ్యల జాబితా కావాలి. 441 ఎందుకంటే అది 21×21, నోట్‌బుక్ పేజీలో సరిపోతుంది, మధ్యలో ఒక గడి ఖచ్చితంగా దొరుకుతుంది. ఎరటోస్తనీస్ జల్లెడ మీకు తెలిసిందే: 2ని వదిలి రెండో ఎక్కంలోవన్నీ కొట్టేయండి, 3ని వదిలి మూడో ఎక్కంలోవి, అలా 5, 7, 11, 13, 17, 19 దాకా. అక్కడ ఆపేయొచ్చు, ఎందుకంటే తర్వాతి ప్రధాన సంఖ్య 23, దాని వర్గం 529, అది మన హద్దు దాటిపోయింది. 1ని కూడా కొట్టేయడం మర్చిపోకండి. చివరికి 85 సంఖ్యలు మిగలాలి, ఆఖరిది 439. లెక్క తేడా వస్తే ముందుకు వెళ్ళకుండా ఇక్కడే సరిచేసుకోండి. ఎక్కువమంది 221 (13×17), 247 (13×19), 299 (13×23), 323 (17×19) లాంటివి వదిలేస్తారు, వాటి ముఖం చూస్తే ప్రధాన సంఖ్యల్లాగే ఉంటాయి మరి.

ఒక్క మార్పు మాత్రం చేయమంటాను. బడిలో నేర్పినట్టు వరుసకి పది కాకుండా వరుసకి ఆరు రాయండి: 1 నుంచి 6 మొదటి వరుస, 7 నుంచి 12 రెండోది. జల్లెడ పట్టాక చూస్తే 2, 3 తప్ప మిగతా ప్రధాన సంఖ్యలన్నీ మొదటి నిలువు వరుసలోనూ ఐదో నిలువు వరుసలోనూ మాత్రమే ఉంటాయి. మొదటిసారి చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. కానీ కారణం చాలా మామూలుది. రెండు, నాలుగు, ఆరు వరుసల్లో ఉన్నవన్నీ సరి సంఖ్యలు, మూడో వరుసలోవన్నీ మూడో ఎక్కంలోవి. మిగిలింది రెండు వరుసలే కదా, ప్రధాన సంఖ్యలు ఇంకెక్కడికి పోతాయి! అంటే ఈ బొమ్మ మనకి చెప్పింది 2 గురించీ 3 గురించీ. ఈ సంగతి గట్టిగా పట్టుకోండి, ముందు ముందు చాలాసార్లు పనికొస్తుంది.

ఉలామ్ సుడి

1963లో స్టానిస్లా ఉలామ్ అనే గణితవేత్త ఒక సమావేశంలో ఎవరిదో పొడవాటి ప్రసంగం వింటూ, కాగితం మీద గళ్ళు గీసి, మధ్యలో 1 పెట్టి, సుడి తిరుగుతున్నట్టు అంకెలు రాసి, ప్రధాన సంఖ్యల చుట్టూ గుండ్రాలు చుట్టాడు. గుండ్రాలు ఐమూలగా వరుస కట్టడం చూసి ఆశ్చర్యపోయి, తర్వాత లాస్ అలమాస్‌లో మైరాన్ స్టైన్, మార్క్ వెల్స్‌తో కలిసి మానియాక్ 2 అనే కంప్యూటర్ మీద 65,000 దాకా గీయించాడు. మార్టిన్ గార్డ్‌నర్ 1964 మార్చిలో సైంటిఫిక్ అమెరికన్‌లోని తన కాలమ్‌లో దీని గురించి రాశాక లోకమంతా పాకింది. నిజానికి ఇలాంటి ఆలోచన 1932లోనే లారెన్స్ క్లాబర్ అనే ఆయనకి వచ్చింది. ఆయన పాముల మీద పరిశోధన చేసిన మనిషి, సంఖ్యల్ని త్రిభుజంగా పేర్చి చూశాడు.

మీరు చేయాల్సింది ఇది. పేజీ మధ్య గడిలో 1 రాయండి. దాని కుడి పక్కన 2, దాని పైన 3, ఇప్పుడు ఎడమకి 4, 5, కిందికి 6, 7, కుడికి 8, 9, 10, పైకి 11, 12, 13. ఎప్పుడూ ఎడమ చేతి వైపుకే తిరుగుతారు, నడిచే దూరం 1, 1, 2, 2, 3, 3, 4, 4 అని రెండు మలుపులకోసారి ఒకటి పెరుగుతుంది. 49 దాకా వచ్చేసరికి మీ కాగితం ఇలా ఉండాలి:

37 36 35 34 33 32 31
38 17 16 15 14 13 30
39 18 05 04 03 12 29
40 19 06 01 02 11 28
41 20 07 08 09 10 27
42 21 22 23 24 25 26
43 44 45 46 47 48 49

సరిచూసుకోడానికి ఒక తేలిక మార్గం ఉంది: 1, 9, 25, 49, 81 అనే బేసి వర్గాలు మధ్య నుంచి కింది కుడి మూలకి ఐమూలగా దిగాలి. ప్రతి చుట్టూ పూర్తయినప్పుడు ఆ మూలలో బేసి వర్గం కనపడకపోతే ఎక్కడో ఒక గడి దూకేశారని అర్థం. నేను మొదటిసారి గీసినప్పుడు ఈ పరీక్ష సంగతి తెలియక ఏడో చుట్టు దాకా వెళ్ళి, ఎక్కడ తప్పిందో తెలియక, మొత్తం పేజీ చెరిపి మళ్ళీ రాశాను. కాబట్టి చుట్టు చుట్టుకీ మూల చూసుకోండి.

441 దాకా నింపాక ప్రధాన సంఖ్యల గళ్ళకి రంగు వేయండి. ఆ పుస్తకం కాస్త దూరంగా పెట్టి, కళ్ళు కొంచెం చిట్లించి చూడండి. ఐమూల గీతలు కనపడతాయి.

ఇప్పుడు మన ప్రశ్న. ఐమూలగానే ఎందుకు? అడ్డంగానో నిలువుగానో ఎందుకు కాదు? సుడిలో పక్క పక్క గళ్ళు ఎప్పుడూ ఒకటి సరి, ఒకటి బేసి, అచ్చం చదరంగం బల్ల మీద నలుపు తెలుపు గళ్ళలా. 2 తప్ప ప్రధాన సంఖ్యలన్నీ బేసి కాబట్టి అవన్నీ ఒకే రంగు గళ్ళలో పడి తీరాలి, ఒకే రంగు గళ్ళు ఒకదానికొకటి మూలల దగ్గరే కలుస్తాయి. అంటే ఐమూల గీతలు అనే ఆకారంలో సగం ఆశ్చర్యం 2 పుణ్యమే. దీన్ని మాటతో నమ్మొద్దు, చేసి చూడండి: ఇంకో పేజీలో అదే సుడి రాసి, ప్రతి బేసి సంఖ్యకీ పాచిక వేసి, 1 గానీ 2 గానీ పడితే ఆ గడికి రంగు వేయండి. 441లో బేసి సంఖ్యలు 221, వాటిలో 84 ప్రధాన సంఖ్యలు, అంటే మూడో వంతు కంటే కాస్త ఎక్కువ, కాబట్టి ఈ పాచిక లెక్క దాదాపు సరిపోతుంది. 221 సార్లు పాచిక వేయడం విసుగే, అయినా ఇది మానకండి, ఎందుకంటే రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూసినప్పుడే తెలుస్తుంది. పాచిక కాగితం మీద కూడా ఐమూల గీతలు కనపడతాయి. కానీ అవి పొట్టివి, మూడు నాలుగు గళ్ళకి తెగిపోతాయి, ప్రధాన సంఖ్యల కాగితం మీద కొన్ని గీతలు మధ్య నుంచి అంచు దాకా లాగినట్టు ఉంటాయి, వాటి పక్కనే కొన్ని గీతలు బోసిగా ఖాళీగా ఉంటాయి. ఆ తేడా పాచికకి రాదు. ఇక మిగిలిన సగం ఆశ్చర్యం అక్కడుంది.

రెండు గీతల్ని పట్టుకుని చూద్దాం

1కి పైన ఎడమ మూలలో ఉన్న 5 నుంచి కింద ఎడమ వైపుకి ఐమూలగా దిగండి: 5, 19, 41, 71, 109. ఐదూ ప్రధాన సంఖ్యలే. వీటి మధ్య తేడాలు రాసుకోండి: 14, 22, 30, 38. తేడా ప్రతిసారీ 8 పెరుగుతోంది. ఇది యాదృచ్ఛికం కాదు, సుడిలో ప్రతి చుట్టూ లోపలి చుట్టుకంటే సరిగ్గా 8 గళ్ళు పెద్దది, కాబట్టి మధ్య నుంచి బయటికి వెళ్ళే ఏ గీత తీసుకున్నా తేడాలు ఎనిమిదేసి చొప్పున పెరుగుతాయి. తేడాలు ఇలా సమానంగా పెరుగుతున్నాయంటే ఆ వరుసకి ఒక వర్గ సూత్రం ఉన్నట్టే. ఈ గీతకి సూత్రం ఇది: ఒక సంఖ్య తీసుకుని, దాని వర్గాన్ని నాలుగు రెట్లు చేసి, ఆ సంఖ్యకి రెట్టింపు కలిపి, 1 తీసేయండి. 1కి 4+2−1=5, 2కి 16+4−1=19, 3కి 36+6−1=41. ఆరో చోట 144+12−1=155, అది 5×31, అక్కడ మొదటి దెబ్బ తగులుతుంది. తర్వాత 209, 271, 341, 419. మన 21×21 కాగితంలో ఈ గీత మీద పది గళ్ళున్నాయి, అందులో ఏడు ప్రధాన సంఖ్యలు. కాగితం మొత్తం మీద ఐదు గళ్ళకి ఒకటి కూడా లేదని గుర్తుంచుకుంటే, పదికి ఏడు అంటే చాలా ఎక్కువ.

ఎందుకంత అదృష్టం? ఈ పది సంఖ్యల్నీ 3తో భాగించి శేషాలు రాయండి: 2, 1, 2, 2, 1, 2, 2, 1, 2, 2. సున్నా రాదు, ఎంత దూరం వెళ్ళినా రాదు, ఎందుకంటే శేషాలు మూడేసి చొప్పున తిరిగి తిరిగి అవే వస్తాయి. ఇప్పుడు 7తో: 5, 5, 6, 1, 4, 1, 6, తర్వాత మళ్ళీ మొదటికి. ఇక్కడా సున్నా లేదు. అంటే ఈ గీత మీది ఏ సంఖ్యనీ 2 భాగించలేదు, 3 భాగించలేదు, 7 భాగించలేదు. చేసి చూస్తే 13, 17 కూడా భాగించలేవని తేలుతుంది. ఈ గీతని భాగించగలిగేది 5 ఒకటి, ఆపైన చివరి అంకె 1 గానీ 9 గానీ ఉన్న ప్రధాన సంఖ్యలు మాత్రమే. కాగితం మీద తప్పిన మూడు గళ్ళూ చూడండి: 155 = 5×31, 209 = 11×19, 341 = 11×31. సరిగ్గా అవే! నాకు ఈ విషయంలో అన్నిటికంటే నచ్చే చోటు ఇదే. దూరం నుంచి చూస్తే మాయలా ఉన్న గీత, దగ్గరికెళ్తే చిన్న ప్రధాన సంఖ్యల దెబ్బలు తప్పించుకున్న గీత అని తేలుతుంది, అయినా అందం తగ్గదు.

రెండో గీత ఇంకా మేలైనది. 7 నుంచి కింద కుడి వైపుకి దిగండి: 7, 23, 47, 79, 119, 167, 223, 287, 359, 439. వీటిలో 119 (7×17), 287 (7×41) తప్ప మిగతా ఎనిమిదీ ప్రధాన సంఖ్యలే. ఇది బేసి వర్గాల గీతకి రెండు గళ్ళు ఎడమగా నడిచే గీత, అంటే 9−2, 25−2, 49−2, అంతే. దీన్ని 3, 5, 11, 13 ముట్టుకోలేవు. బేసి వర్గాల గీత మీద మాత్రం ఒక్క ప్రధాన సంఖ్య కూడా ఉండదు, అది సహజమే. అలాగే 3 నుంచి పైన ఎడమకి వెళ్ళండి: 15, 35, 63, 99. మొత్తం ఖాళీ, ఎందుకంటే ఇవి 3×5, 5×7, 7×9, 9×11, వాటి సూత్రం తనంతట తానే రెండు ముక్కలుగా విడిపోతుంది.

కాబట్టి ఏ గీత నిండుగా ఉంటుందో, ఏది పలచగా ఉంటుందో దాని వర్గ సూత్రం చూసి అంచనా వేయొచ్చు. ఆ అంచనాని హార్డీ, లిటిల్‌వుడ్ 1923లో అంకెల్లో పెట్టి ప్రతిపాదించారు. కంప్యూటర్‌తో లెక్కపెట్టిన చోటల్లా అది సరిపోతూనే ఉంది. రుజువు మాత్రం లేదు. రుజువు లేకపోవడం ఎంత దూరమంటే, విడిపోని వర్గ సూత్రం ఏదైనా ఒక్కటి తీసుకుని, అది అనంతంగా ప్రధాన సంఖ్యల్ని ఇస్తుందని కూడా ఇంతవరకూ ఎవరూ నిరూపించలేకపోయారు. మీరు రంగు వేసిన ఆ 7, 23, 47 గీత మీద ప్రధాన సంఖ్యలు ఎక్కడో ఒకచోట శాశ్వతంగా ఆగిపోవని చెప్పడానికి ఈ భూమ్మీద ఎవరి దగ్గరా రుజువు లేదు.

ఇప్పుడు నడక: ప్రధాన సంఖ్య వస్తే మలుపు

సుడిలో దారి ముందే ఉంది, ప్రధాన సంఖ్యలు దాని మీద కూర్చున్నాయి. ఇప్పుడు తిరగేసి, దారినే ప్రధాన సంఖ్యల చేతికి ఇద్దాం. కొత్త పేజీ తీసుకోండి. గళ్ళ లోపల కాకుండా గీతలు కలిసే చుక్కల మీద నడుద్దాం.

నియమం: మధ్యలో ఒక చుక్క పెట్టి 2 అని రాయండి, మొహం కుడి వైపుకి. ప్రతి సంఖ్యకీ ఒక అడుగు వేయండి. ప్రధాన సంఖ్య మీద అడుగు పడగానే ఎడమకి తిరగండి. అంతే. 2 నుంచి ఒక అడుగు కుడికి, 3. తిరిగి పైకి రెండు అడుగులు, 5. ఎడమకి రెండు, 7. కిందికి నాలుగు, 11. కుడికి రెండు, 13. పైకి నాలుగు, 17.

ఇక్కడ ఆగండి. 17 ఎక్కడ పడింది? సరిగ్గా 5 ఉన్న చుక్క మీద. ఇంకో రెండడుగులు ఎడమకి వేస్తే 19, అది 7 మీద పడింది. కిందికి నాలుగు, 23 వచ్చి 11 మీద కూర్చుంది. మనం వేసిన గీత మీదే మళ్ళీ గీత. కారణం ప్రధాన సంఖ్యల మధ్య ఎడాలు: 7 నుంచి 23 దాకా అవి 4, 2, 4, 2, 4. పొడవు 4, వెడల్పు 2 ఉన్న దీర్ఘచతురస్రం చుట్టూ ఒక ప్రదక్షిణం పూర్తి చేసి రెండోది మొదలుపెట్టాం. 23 తర్వాత ఎడం 6 అయ్యేసరికి ఆ పెట్టెలోంచి బయటపడి కుడికి దూసుకుపోతాం.

మీ గీత సరిగ్గా వస్తోందో లేదో చూసుకోడానికి కొన్ని గుర్తులు ఇస్తున్నాను. 47 వచ్చి 3 మీద పడాలి. 79 వచ్చి 11, 23 ఉన్న చుక్క మీద, 83 వచ్చి 7, 19 ఉన్న చుక్క మీద పడాలి. 97 దగ్గరికి వచ్చేసరికి మీరు బయల్దేరిన చోటుకి ఏడు గళ్ళు ఎడమగా, ఆరు గళ్ళు కింద ఉండాలి. తేడా వస్తే సాధారణంగా తప్పు ఒకటే, ప్రధాన సంఖ్యకి చేరకముందే తిరిగేయడం.

ఇంకో సంగతి గమనించండి. 3 తర్వాత ఎడాలన్నీ సరి సంఖ్యలే కాబట్టి, మలుపులన్నీ బయల్దేరిన చోటు నుంచి అడ్డంగా బేసి దూరంలోనూ నిలువుగా సరి దూరంలోనూ ఉంటాయి, అంటే నాలుగు చుక్కల్లో ఒక్కదాని మీదే మలుపు పడగలదు. ఇదీ 2 చేసిన పనే. ఇలాంటివి ఏరి పక్కన పెట్టాక మిగిలేదే ప్రధాన సంఖ్యల సొంత నడక.

చివరి అంకె చెప్పే నడక

ఇది నాకు బాగా ఇష్టమైన బొమ్మ. 5 దాటాక ప్రధాన సంఖ్యలు 1, 3, 7, 9 ల్లో ఏదో ఒక అంకెతోనే ముగుస్తాయి. నాలుగు అంకెలు, నాలుగు దిక్కులు. 1 అయితే కుడికి, 3 అయితే పైకి, 7 అయితే ఎడమకి, 9 అయితే కిందికి ఒక్కొక్క అడుగు. 7తో మొదలుపెట్టండి: 7 ఎడమ, 11 కుడి, 13 పైకి, 17 ఎడమ, 19 కిందికి, 23 పైకి, 29 కిందికి...

97 దాకా 22 అడుగులు వేస్తారు. ఆ 22 అడుగులూ కలిపి మీరు తొక్కిన చుక్కలు ఎన్నో లెక్కపెట్టండి. ఆరే ఆరు. రెండు అడ్డం, మూడు నిలువు ఉన్న చిన్న పెట్టెలోనే అటూ ఇటూ కొట్టుకుంటూ ఉంటారు, 97 తర్వాత బయల్దేరిన చోటుకి ఒక గడి ఎడమ, ఒక గడి పైన నిలబడతారు. కాగితం మీద పెన్సిల్ గీత నల్లగా మందంగా అయిపోతుంది, కాబట్టి ప్రతి అడుగు పక్కనా సంఖ్య చిన్నగా రాసుకోండి, లేదా పది అడుగులకోసారి రంగు మార్చండి.

ఇందులో దాగిన విషయం ఇంకొకటుంది. వేసిన అడుగు దిక్కులోనే వెంటనే రెండో అడుగు పడిందా అని వెతకండి. 100 లోపు ఒక్కసారీ పడదు. 139 నుంచి 149కి వెళ్ళినప్పుడు మొదటిసారి కిందికి, మళ్ళీ కిందికి పడుతుంది. ఎందుకంటే అదే చివరి అంకె వెంటనే రావాలంటే ఎడం 10 గానీ 20 గానీ 30 గానీ ఉండాలి, 10 ఎడం మొదటిసారి వచ్చేది అక్కడే. సరే, చిన్న సంఖ్యల్లో ఎడాలు చిన్నవి కాబట్టి ఇలా అయింది, పెద్ద సంఖ్యల్లో సర్దుకుంటుందిలే అనుకుంటాం. చాలాకాలం అందరూ అలాగే అనుకున్నారు. 2016లో రాబర్ట్ లెమ్కె ఒలివర్, కన్నన్ సౌందరరాజన్ లెక్కపెట్టి చూపించారు: మొదటి పది కోట్ల ప్రధాన సంఖ్యల్లో కూడా, 1తో ముగిసేదాని వెంటనే మళ్ళీ 1తో ముగిసేది రావడం 25 శాతం ఉండాల్సింది 18 శాతం చిల్లరే ఉంది. మొత్తం మీద నాలుగు అంకెలూ సమానంగా పంచుకుంటాయన్నది ఎప్పుడో రుజువైన మాట. కానీ ఒకదాని వెనక ఒకటి వచ్చే తీరులో మాత్రం ఈ మొగ్గు ఉంది, సంఖ్యలు పెరిగేకొద్దీ చాలా చాలా మెల్లగా తగ్గుతుంది. మీ నోట్‌బుక్‌లో ఆ ఆరు చుక్కల పెట్టెలో కనపడింది దాని తొలి ఛాయే.

గళ్ళు కూడా అక్కర్లేని చిన్న నడక ఒకటుంది, ఒకే గీత మీద. 4తో భాగిస్తే 3 మిగిలే ప్రధాన సంఖ్యకి ఎడమకి అడుగు, 1 మిగిలేదానికి కుడికి. 3తో మొదలుపెడితే 100 వచ్చేసరికి రెండడుగులు ఎడమగా ఉంటారు, 13 ఎడమ, 11 కుడి. చాలా దూరం దాకా ఎడమనో లేక సరిగ్గా మొదటి చోటునో ఉంటారు తప్ప కుడికి దాటరు. ఈ మొగ్గుని చెబిషెవ్ 1853లో గమనించాడు. మొదటిసారి కుడికి దాటేది 26,861 దగ్గర, అదీ ఒక్క అడుగే, తర్వాతి ప్రధాన సంఖ్య 26,863 మళ్ళీ వెనక్కి లాగేస్తుంది. ఇలా దాటడాలు అనంతంగా జరుగుతూనే ఉంటాయని 1914లో లిటిల్‌వుడ్ నిరూపించాడు. 26,861 దాకా చేత్తో నడవమని అనను, ఇక్కడి నుంచి కంప్యూటర్ తీసుకుందాం.

కంప్యూటర్ మీదకి

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వస్తే చాలు. మొదటి పని జల్లెడ: పది లక్షల పొడవున్న జాబితా తీసుకుని అన్నిటినీ "అవును" అని పెట్టి, 0, 1 లని "కాదు" చేసి, 2 నుంచి 1000 దాకా "అవును"గా మిగిలిన ప్రతి సంఖ్యకీ దాని ఎక్కంలోవి "కాదు" చేయండి. చివరికి 78,498 మిగలాలి. ఈ సంఖ్య రాకపోతే బొమ్మ గీయకండి.

సుడికి నాలుగు దిక్కుల జాబితా ఒకటి, "ఇప్పటి పొడవు" ఒకటి, "ఎన్ని మలుపులయ్యాయి" ఒకటి ఉంచుకుని, రెండు మలుపులకోసారి పొడవు పెంచుకుంటూ పోండి, చేత్తో చేసిందే. 1001×1001 గళ్ళ ఖాళీ పట్టిక చేసి, ప్రధాన సంఖ్య వచ్చిన గడిలో 1 పెట్టి, పైథాన్‌లో బొమ్మలు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌తో బొమ్మగా చూపించండి (అన్ని గళ్ళూ నిండాలంటే జల్లెడని 10,02,001 దాకా పట్టాలి). నడకలకైతే అడుగడుగునా గీత గీస్తూ పోయే పైథాన్ టర్టిల్ కంటికి బాగుంటుంది కానీ వేలల్లో అడుగులు వేయాలంటే చాలా నెమ్మది. కాబట్టి అడ్డం, నిలువు స్థానాల్ని రెండు జాబితాల్లో పోగుచేసి ఒకేసారి గీయించండి, గీత రంగు అడుగు క్రమాన్ని బట్టి నెమ్మదిగా మారేట్టు పెట్టండి. లేకపోతే ఒకదాని మీద ఒకటి పడి ఏది ముందో ఏది తర్వాతో తెలియదు.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్తాను. ఒక గడికి సరిగ్గా ఒక పిక్సెల్ గానీ, రెండు గానీ, మూడు గానీ ఇవ్వండి, ఒకటిన్నర ఇవ్వొద్దు. గడి విడిచి గడి నిండే బొమ్మని స్క్రీన్‌కి సరిపెట్టడానికి కుదిస్తే, అసలు లేని అలలు, గళ్ళు, చారలు పుట్టుకొస్తాయి, కంటికి అచ్చం గణిత రహస్యంలా ఉంటాయి. బొమ్మని సేవ్ చేసేటప్పుడు కూడా జేపెగ్ కాకుండా పీఎన్‌జీ వాడండి, జేపెగ్ అంచుల్ని మసక చేస్తుంది.

పాచిక కాగితాన్ని కూడా కంప్యూటర్ మీదకి తేవాలి. ప్రధాన సంఖ్యలు పోను పోను పలచబడతాయి కాబట్టి ఒకే శాతం పనికిరాదు. ఒక సంఖ్య దగ్గర ప్రధాన సంఖ్యల సాంద్రత సుమారు 1ని ఆ సంఖ్య సహజ లాగరిథమ్‌తో భాగిస్తే వచ్చేంత, పది లక్షల దగ్గర దాదాపు 14కి ఒకటి. బేసి సంఖ్యల్లోనే ఏరుతున్నాం కాబట్టి దానికి రెట్టింపు అవకాశం ఇవ్వండి. చిన్న సంఖ్యల దగ్గర ఈ లెక్క 1 దాటిపోతుంది, అక్కడ 1 అనుకోండి. ఇలా దొంగ ప్రధాన సంఖ్యల జాబితా ఒకటి తయారుచేసి, మీరు గీసే ప్రతి బొమ్మనీ రెండు జాబితాలతోనూ గీయండి. రెండిట్లోనూ కనపడేది ప్రధాన సంఖ్యల గుణం కాదు.

మీ బొమ్మలో ఏదైనా గీత కొత్తగా కనపడితే దాని మీది మొదటి ఐదారు సంఖ్యల్ని నీల్ స్లోన్ 1964 నుంచి పోగుచేస్తూ వచ్చిన పూర్ణాంక శ్రేణుల ఆన్‌లైన్ ఎన్‌సైక్లోపీడియాలో టైప్ చేసి చూడండి, దాన్ని ఓఈఐఎస్ అంటారు. ప్రధాన సంఖ్యల శ్రేణి అక్కడ ఏ000040, మన మలుపుల నడకకి ఆధారమైన ఎడాల శ్రేణి (1, 2, 2, 4, 2, 4, 2, 4, 6...) ఏ001223. ఒక్కో శ్రేణికి సూత్రాలు, గ్రాఫు, ప్రోగ్రాములు అక్కడే దొరుకుతాయి. ముందు మీరు లెక్క చేసి, తర్వాత అక్కడ వెతికితేనే సరదా.

ఆఖరున, సుడిని 41తో మొదలుపెట్టండి

మధ్య గడిలో 1 బదులు 41 రాసి అదే సుడి తిప్పండి: కుడికి 42, పైన 43, ఎడమకి 44, 45, కిందికి 46, 47. ఇప్పుడు కింద ఎడమ మూల నుంచి పైన కుడి మూలకి, మధ్య గడి మీదుగా పోయే ఐమూల గీతని చూడండి. మధ్యలో 41, పైన కుడికి 43, కింద ఎడమకి 47, మళ్ళీ పైన 53, కింద 61, పైన 71, కింద 83. ఇది ఆయిలర్ 1772లో రాసిన సూత్రానికి ఇంకో రూపమే: ఒక సంఖ్య వర్గానికి ఆ సంఖ్యనీ, 41నీ కలపడం. 0 నుంచి 39 దాకా వేస్తే నలభైకి నలభై ప్రధాన సంఖ్యలు, అంటే 40×40 గళ్ళ చదరంలో ఒక మూల నుంచి ఎదురు మూల దాకా ఒక్క గడి ఖాళీ లేకుండా గీత నిండిపోతుంది. 5, 19, 41 గీతకి చేసినట్టే దీనికీ శేషాలు రాసి చూడండి: 2, 3, 5, 7 నుంచి 37 దాకా ఏ ప్రధాన సంఖ్యా దీన్ని భాగించలేదు. 40×40 చదరం గీయడానికి ఓపిక లేకపోతే 17తో మొదలుపెట్టండి, అక్కడ పదహారు గళ్ళ గీత నిండుగా వస్తుంది, ఒక పేజీలో సరిపోతుంది.

41 సుడిలో పైన కుడి మూలలో 1601 దాకా వచ్చాక గీత కింద ఎడమ కొసన ఇంకో గడి ముందుకు వేయండి. అక్కడ 1681 ఉంటుంది, అది 41×41.